మజిల్‌లోడర్‌కి ఏ మందు? వేటకీ టార్గెట్‌కీ ఎంచుకునే పద్ధతి

మజిల్‌లోడర్, అంటే మూతి నుంచి మందుగుండు దట్టించే తుపాకీ, కొన్న కొత్తలో అందరూ అడిగేది ఒకటే: "ఏ మందు మంచిది?" దుకాణం అల్మరాలో అరడజను రకాల డబ్బాలుంటాయి, ప్రతి డబ్బా మీదా వేగం గురించి గొప్పలే. ఆ వేగం సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ముందు మీ తుపాకీలో నిప్పు ఎలా పుడుతుందో చూడండి. తర్వాత మీ రాష్ట్రపు వేట నిబంధనలు. ఆ తర్వాత రోజుకి ఎన్నిసార్లు పేలుస్తారు, సాయంత్రం ఇంటికొచ్చి గొట్టం కడిగే ఓపిక ఉందా అన్నవి. ఇవి తేలేసరికి అల్మరాలో మీకు పనికొచ్చే డబ్బాలు ఒకటో రెండో మిగులుతాయి.

ఇది అమెరికాలో ఉంటూ వేటకో రేంజ్‌కో వెళ్లే తెలుగువాళ్ల కోసం రాస్తున్నది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నిషేధం. మూతి నుంచి మందు దట్టించే తుపాకీకైనా ఆయుధాల చట్టం కింద లైసెన్స్ ఉండాల్సిందే. కాబట్టి ఇక్కడి సంగతులు అక్కడికి వర్తించవు. అమెరికాలో కూడా హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ తుపాకీ చట్టంలో ప్రత్యేకమైన ఆంక్షలున్నాయి. మజిల్‌లోడర్‌లో చాలా రకాలు "పురాతన ఆయుధం" లెక్కలోకి వస్తాయి గానీ అన్నీ రావు, పైగా రాష్ట్రానికో తీరు. గ్రీన్‌కార్డ్ రాకముందు చెయ్యి పెట్టాలనుకుంటే ఒక లాయర్‌ని అడిగి పెట్టండి.

మొదటి మెట్టు: స్మోక్‌లెస్ పౌడర్‌ని పక్కన పెట్టడం

ఇప్పటి రైఫిల్ తూటాల్లో ఉండేది స్మోక్‌లెస్ పౌడర్. అది మజిల్‌లోడర్‌లో పోయకూడదు. కొంచెమే కదా అని పోయకూడదు, పాతకాలపు తుపాకీ మందైన బ్లాక్ పౌడర్‌లో కలిపీ పోయకూడదు. బ్లాక్ పౌడర్ పుట్టించే ఒత్తిడికి తగ్గట్టు చేసిన గొట్టం స్మోక్‌లెస్ ఒత్తిడికి చీలిపోతుంది. చీలేది సరిగ్గా మీ ఎడమచెయ్యి, మొహం ఉండే చోటే. శావేజ్ కంపెనీ 10ఎంఎల్ అనే మోడల్‌ని స్మోక్‌లెస్ కోసమే చేసింది, కొందరు గన్‌స్మిత్‌లు ప్రత్యేకంగా కట్టిస్తారు కూడా. అవి వేరే లోకం. మీ గొట్టం మీద "బ్లాక్ పౌడర్ ఓన్లీ" అని చెక్కి ఉంటే దానికి బ్లాక్ పౌడర్, లేదా దానికి బదులుగా వాడమని అమ్మే మందులు మాత్రమే. వీటిని వాడుకలో సబ్‌స్టిట్యూట్ అంటారు. రంగు చూసి పోల్చుకోవడం కుదరదు. బ్లాక్‌హార్న్ 209 అనే సబ్‌స్టిట్యూట్ నల్లగానే ఉంటుంది, చాలా స్మోక్‌లెస్ మందులూ నల్లగానే ఉంటాయి. అందుకే ఏ మందునీ సొంత డబ్బాలోంచి వేరే డబ్బాలోకి మార్చొద్దు. లేబుల్ లేని డబ్బాలో మందు ఎంత ఖరీదైనదైనా వాడే మాటే వద్దు.

రెండో మెట్టు: లాక్ (నిప్పు పుట్టించే భాగం) చూడండి

అసలు ఎంపిక ఇక్కడే తొంభై పాళ్లు అయిపోతుంది.

మీది ఫ్లింట్‌లాక్ అయితే ఇక ఆలోచించేదేం లేదు, అసలైన బ్లాక్ పౌడరే. చెకుముకి రాయి ఉక్కుకి తగిలి రాలే నిప్పురవ్వ పాన్ అనే చిన్న గిన్నెలోని మందుని అంటిస్తుంది, ఆ మంట గొట్టం పక్కనున్న సన్నని రంధ్రం గుండా లోపలికి పోవాలి. బ్లాక్ పౌడర్ తక్కువ వేడికే అంటుకుంటుంది. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటి సబ్‌స్టిట్యూట్లు అంటుకోవడానికి అంతకన్నా ఎక్కువ వేడి కావాలి. వాటిని ఫ్లింట్‌లాక్‌లో పోస్తే పాన్‌లో భగ్గుమంటుంది, లోపల ఏమీ కాదు. లేదా గురి చెదిరిపోయాక, అర సెకను ఆలస్యంగా పేలుతుంది. అడుగున పది గ్రెయిన్లు (మందుని లెక్కించే చిన్న ప్రమాణం) బ్లాక్ పౌడర్ పోసి పైన సబ్‌స్టిట్యూట్ పోసేవాళ్లు ఉన్నారు. ఎలాగూ బ్లాక్ పౌడర్ సంపాదించాల్సిందే అయినప్పుడు మొత్తం అదే పోసుకోక ఆ అతుకులెందుకో నాకు అర్థం కాదు.

పక్కన సుత్తి ఉండి, నిపుల్ అనే చిన్న మొన మీద, దెబ్బకి మంట చిమ్మే 11వ నంబర్ క్యాప్ పెట్టే రకమైతే, అంటే క్యాప్‌లాక్ అయితే, బ్లాక్ పౌడర్ హాయిగా నడుస్తుంది. పైరోడెక్స్ ఆర్‌ఎస్ కూడా నడుస్తుంది. ట్రిపుల్ సెవెన్ కొన్ని తుపాకుల్లో బాగుంటుంది, కొన్నిట్లో క్యాప్ టప్పుమన్నాక ఒక క్షణం ఆగి పేలుతుంది. అలాంటప్పుడు నిపుల్ మార్చి పెద్దదైన మస్కెట్ క్యాప్ పెడితే కొంత కుదురుతుంది. గుళికల్లా ఒత్తిన పెల్లెట్లు మాత్రం దీనికి వద్దు. క్యాప్ మంట వంపు తిరిగి రావాలి, పెల్లెట్ అడుగుకి అది నేరుగా తగలదు.

గొట్టానికి నేరుగా వెనక, క్యాప్ లాంటిదే అయినా ఇంకా వేడైన 209 షాట్‌గన్ ప్రైమర్ పెట్టే ఇన్‌లైన్ రకమైతే దాదాపు అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి: పొడి, పెల్లెట్, బ్లాక్‌హార్న్ 209. ఈ బ్లాక్‌హార్న్ ఒక్కటి మిగతా సబ్‌స్టిట్యూట్ల జాతి కాదు, నైట్రోసెల్యులోజ్ మూలంగా చేసింది. 209 ప్రైమర్ వేడి లేకపోతే నమ్మకంగా అంటుకోదు. ట్రిపుల్ సెవెన్ కోసమని తక్కువ వేడితో చేసిన 209లు వస్తాయి, అవీ దీనికి చాలవు. గుండు గొట్టంలో బిగువుగా కూర్చోవాలి. కొన్ని పాత తుపాకుల బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక బిగించే మూత) దీనికి సరిపడదు, కొనేముందు మాన్యువల్ చూసుకోవాలి.

మూడో మెట్టు: నిబంధనల పుస్తకం

మజిల్‌లోడర్ సీజన్‌ని రాష్ట్రాలు పాత పద్ధతి వేటగాళ్ల కోసం పెట్టాయి. అందుకే కొన్ని చోట్ల తుపాకీకే కాదు, మందుకీ షరతులుంటాయి. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో పెల్లెట్లు నిషేధం, స్మోక్‌లెస్ నిషేధం, సాబో (బుల్లెట్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) నిషేధం, స్కోప్ కూడా ఉండకూడదు. జింకకి కనీసం .40, ఎల్క్ అనే పెద్ద జింకకి .50 క్యాలిబర్ (అంగుళాల్లో గొట్టం లోపలి వెడల్పు) ఉండాలి. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే సీజన్ ఫ్లింట్‌లాక్‌ల కోసమే, కాబట్టి అక్కడ మందు ఎంపిక మీ చేతిలో లేదు. ఇవి ఏటా మారుతుంటాయి. ఆ ఏటి పుస్తకం రాష్ట్ర వన్యప్రాణి శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, పోయినేటిది పట్టుకుని అడవిలోకి వెళ్లొద్దు.

పోటీలకి వెళ్లేవాళ్లూ అంతే. అంతర్జాతీయ మజిల్‌లోడర్ పోటీలు నడిపే ఎంఎల్‌ఏఐసీ నియమాల ప్రకారం కర్మాగారంలో తయారైన అసలు బ్లాక్ పౌడరే వాడాలి. 1933లో పుట్టిన జాతీయ మజిల్‌లోడింగ్ రైఫిల్ సంఘం ఇండియానా రాష్ట్రం ఫ్రెండ్‌షిప్ ఊళ్లో ఏటా పెద్ద పోటీలు పెడుతుంది. అక్కడికి వెళ్లే ఆలోచన ఉంటే మొదట్నుంచీ బ్లాక్ పౌడర్‌తోనే చెయ్యి కుదుర్చుకోవడం మేలు. ఒక మందుతో సాధన చేసి మరో మందుతో పోటీకి దిగితే గురి మొదటికొస్తుంది.

నాలుగో మెట్టు: ఏ మందు గుణం ఏంటి

బ్లాక్ పౌడర్ అంటే సురేకారం, బొగ్గు, గంధకం. కాలాక సగానికి పైగా గొట్టంలోనూ పొగలోనూ ఘనపదార్థంగానే మిగిలిపోతుంది. ఆ మసి గాల్లో చెమ్మని లాక్కుంటుంది, చెమ్మ తుప్పుని పిలుస్తుంది. గంధకం వాసన, తెల్లటి పొగ, నల్లటి చేతులు: ఇష్టపడేవాళ్లు వీటికోసమే వస్తారు. లూసియానాలో తయారయ్యే గోఎక్స్ అమెరికాలో అందరికీ తెలిసిన పేరు. 2021లో అప్పటి యజమాని హాడ్జ్‌డన్ దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. మరుసటి ఏడాది ఎస్టిస్ కంపెనీ కొనుక్కుని మళ్లీ మొదలుపెట్టింది. ఆ మధ్యకాలంలో దొరక్క జనం పడ్డ తంటాలు ఇంతా అంతా కాదు. జర్మనీ నుంచి షూట్సెన్, స్విట్జర్లాండ్ నుంచి స్విస్ వస్తాయి. స్విస్ ఖరీదెక్కువ, బలమూ ఎక్కువే. కాలాక మిగిలే మసి మెత్తగా ఉంటుంది కాబట్టి టార్గెట్ వాళ్లకి దీనిమీద మోజు. గోఎక్స్ నుంచి స్విస్‌కి మారేటప్పుడు అదే కొలత పోయకండి, తగ్గించి మొదలుపెట్టండి.

పైరోడెక్స్ 1970ల్లో వచ్చింది. నిల్వకీ రవాణాకీ నిబంధనలు బ్లాక్ పౌడర్ కన్నా తేలిక కాబట్టి ప్రతి స్పోర్ట్స్ దుకాణంలోనూ ఉంటుంది. దాన్లో పెర్‌క్లోరేట్ ఉంది. కాలాక మిగిలే ఉప్పు ఇనుముకి బ్లాక్ పౌడర్ మసి కన్నా చేటు. "సబ్‌స్టిట్యూట్ కదా, రేపు కడుగుదాం" అనుకునేవాళ్ల గొట్టాలు పాడయ్యేది ఇక్కడే.

ట్రిపుల్ సెవెన్‌లో గంధకం లేదు. వాసన ఉండదు, ఉత్త నీళ్లకే వదిలిపోతుంది. కానీ అదే కొలతకి బ్లాక్ పౌడర్ కన్నా బలం ఎక్కువ. బ్లాక్ పౌడర్‌కి సమానం కావాలంటే కొలత 15 శాతం తగ్గించమని తయారీదారే చెబుతాడు. రెండో ఇబ్బంది, వేడెక్కువ ఉన్న 209 ప్రైమర్‌తో పేలిస్తే మందు ఉన్న చోటికి కాస్త పైన గొట్టంలో గట్టి కిట్టం ఉంగరంలా కడుతుంది. రెండో గుండు దిగుతూ దిగుతూ అక్కడ ఆగిపోతుంది. తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే పోతుంది గానీ, తుడవకుండా బలంగా నొక్కితే గుండు మందు మీద కూర్చుందో, దారిలో ఆగిందో తెలియదు. తక్కువ వేడి ప్రైమర్లు వచ్చింది ఈ ఉంగరం బాధ తగ్గడానికే.

బ్లాక్‌హార్న్‌కి మసి బాగా తక్కువ. మధ్యలో తుడవకుండానే చాలాసార్లు పేల్చవచ్చు. నీళ్లతో కాదు, మామూలు తుపాకీ సాల్వెంట్‌తో కడగాలి. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. పైగా డబ్బా పౌను కాదు, 10 ఔన్సులే. అయితే లెక్క వేసి చూడండి: 10 ఔన్సులంటే 4,375 గ్రెయిన్లు. కొలతలో 100 గ్రెయిన్లకి తూకంలో దాదాపు 70 పడుతుంది, అంటే 60కి పైగా గుండ్లు. ఏడాదికి ఒక జింక కోసం, దానికి ముందు రెండుమూడు సార్లు రేంజ్‌కి వెళ్లే మనిషికి ఒక డబ్బా సరిపోతుంది. వారం వారం రేంజ్‌కి వెళ్లేవాడికి జేబు చిల్లే. అదే బ్లాక్ పౌడర్ పౌను అంటే 7,000 గ్రెయిన్లు, 70 చొప్పున పోసుకుంటే 100 గుండ్లు.

ఐదో మెట్టు: పలుకు సైజు

బ్లాక్ పౌడర్ డబ్బా మీద 1ఎఫ్, 2ఎఫ్, 3ఎఫ్, 4ఎఫ్ అని ఉంటుంది. ఎఫ్‌లు పెరిగేకొద్దీ పలుకు సన్నబడుతుంది, మంట వేగం పెరుగుతుంది. బొంబాయి రవ్వకీ ఇడ్లీ రవ్వకీ ఉన్న తేడా లాంటిదే. 1ఎఫ్ పెద్ద మస్కెట్లకీ ఫిరంగులకీ. 2ఎఫ్ .50, అంతకన్నా పెద్ద రైఫిళ్లకి. 3ఎఫ్ .45, అంతకన్నా చిన్నవాటికీ, పిస్తోళ్లకీ, రివాల్వర్లకీ. 4ఎఫ్ ఫ్లింట్‌లాక్ పాన్‌లో చిటికెడు వేయడానికే, గొట్టంలోకి కాదు.

.50 రైఫిల్లో 3ఎఫ్ వాడేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. నేనూ అటువైపే. మసి తక్కువ, మంట చురుకు. 2ఎఫ్ నుంచి 3ఎఫ్‌కి మారినప్పుడు కొలత పది పదిహేను శాతం తగ్గించాలి, అదీ తుపాకీ మాన్యువల్‌లో 3ఎఫ్‌కి అనుమతి ఉంటేనే. ఫ్లింట్‌లాక్ వాళ్లకి ఇంకో సుఖం కూడా ఉంది: గొట్టంలోనూ పాన్‌లోనూ ఒకే 3ఎఫ్ వాడుకోవచ్చు, మందు నింపిన రెండు కొమ్ములు మెళ్లో వేసుకుని తిరగక్కర్లేదు. పాన్‌లో మందు పక్క రంధ్రం దాకా గుట్టగా పోయొద్దు. రంధ్రం మందుతో మూసుకుపోతే అది వత్తిలా ఒక్కో పలుకూ కాలుకుంటూ వెళ్లాలి, పేలడం ఆలస్యమవుతుంది. పాన్ సగానికి, రంధ్రానికి కాస్త కిందుగా ఉంటే మంటే ఎగిరి లోపలికి దూకుతుంది.

పైరోడెక్స్‌లో ఆర్‌ఎస్ రైఫిళ్లకి, పి పిస్తోళ్లకి. పైరోడెక్స్ పెల్లెట్‌కి ఒక కొనకి తేలిగ్గా అంటుకోవడం కోసం బ్లాక్ పౌడర్ పూత ఉంటుంది, ముదురు రంగులో కనిపిస్తుంది. ఆ కొన ప్రైమర్ వైపు ఉండాలి. తిరగేసి వేస్తే మంచు కురిసే ఉదయం చెట్టెక్కి కూర్చున్నవాడికి టప్‌మనే శబ్దం ఒక్కటే మిగులుతుంది.

ఆరో మెట్టు: కొలత

మజిల్‌లోడర్ మందుని తూచరు, కొలుస్తారు. మాన్యువల్‌లో 80 గ్రెయిన్లు అంటే బ్లాక్ పౌడర్ 80 గ్రెయిన్లు పట్టే చోటు అని. అదే చోట్లో పైరోడెక్స్ పోస్తే తూకం తక్కువుంటుంది, బలం మాత్రం దాదాపు అంతే వచ్చేలా దాన్ని చేశారు. ఎవరైనా ఎలక్ట్రానిక్ త్రాసు మీద పైరోడెక్స్ 80 గ్రెయిన్లు తూచి పోస్తే, నిజానికి వంద దాటిన కొలత పోస్తున్నట్టు. తూచే అలవాటున్నవాళ్లు ఆ మందు తయారీదారు ఇచ్చిన మార్పిడి పట్టిక చూసి మాత్రమే తూచాలి.

ఇత్తడి కొలత గొట్టాన్ని నిలువుగా పట్టుకుని, పైకి పొంగేదాకా పోసి, గోటితో పక్కన మూడుసార్లు తట్టండి. పలుకులు సర్దుకుని మట్టం దిగుతుంది, మళ్లీ నింపి అంచుకి సమంగా గీయండి. మూడుసార్లు తడితే ప్రతిసారీ మూడే తట్టాలి. ఈ చిన్న క్రమం తప్పినా కాగితం మీద గుండ్లు పైకీ కిందకీ పరుచుకుంటాయి. డబ్బాలోంచో కొమ్ములోంచో గొట్టంలోకి నేరుగా ఎప్పుడూ పోయొద్దు. లోపల కిందటి గుండు తాలూకు నిప్పు కణం మిగిలుంటే, చేతిలో ఉన్న పౌను మందంతా అంటుకుంటుంది. కొలతలోంచి పోస్తే అంటుకునేది ఆ కొలతే.

ఏడో మెట్టు: మీ తుపాకీ ఇష్టం కనుక్కోవడం

టార్గెట్‌కి పాతవాళ్ల లెక్క ఒకటుంది: క్యాలిబర్ ఎంతో అన్ని గ్రెయిన్లతో మొదలుపెట్టమని. .50కి 50 గ్రెయిన్లు. గుడ్డ చుట్టి దించే గుండ్రటి సీసపు గుండుకి అది మంచి ఆరంభం. అక్కడ్నుంచి అయిదేసి గ్రెయిన్లు పెంచుకుంటూ, ప్రతి కొలతకీ అయిదు గుండ్లు చొప్పున కాల్చండి. ప్రతి గుండు తర్వాతా ఒకే రకంగా ఒక తడి గుడ్డ, ఒక పొడి గుడ్డ. ఒక కొలత దగ్గర కాగితం మీద గుండ్ల గుంపు ముద్దగా దగ్గరపడి, ఆ తర్వాత మళ్లీ విడిపోవడం మొదలవుతుంది. మీ కొలత ఆ ముద్ద దగ్గరుంది. మాన్యువల్‌లో రాసిన గరిష్ఠం దాటే ప్రసక్తే లేదు.

వేటకి .50లో గుండ్రటి గుండుతో 80, 90 గ్రెయిన్ల దగ్గర ఆగేవాళ్లు ఎక్కువ. ఇంకా పోస్తే ఇంకా దూరం పోతుందనే ఆశ ఇక్కడ పనిచేయదు. గుండ్రటి గుండు గాలిని చీల్చడంలో చాలా బలహీనం. 100 గజాలు వెళ్లేసరికి వేగంలో మూడో వంతుకి పైగా పోగొట్టుకుంటుంది, ఎంత వేగంగా బయల్దేరితే అంత ఎక్కువ పోగొట్టుకుంటుంది. ముప్ఫై గ్రెయిన్లు అదనంగా పోసి మీరు కొనుక్కునేది చాలావరకు భుజం నొప్పి, పొగ. ఇన్‌లైన్‌లో సాబో బుల్లెట్‌కి 50 గ్రెయిన్ల పెల్లెట్లు రెండు, అంటే 100 చాలు. మూడు పెట్టుకోవచ్చని కొన్ని తుపాకుల మీద రాసి ఉంటుంది గానీ, రెండింటితో వచ్చే గుంపు మూడింటితో వచ్చిన తుపాకీని నేను అరుదుగా చూశాను.

రెండు అవసరాల మధ్య అసలు తేడా మరోటుంది. టార్గెట్ వాడికి పదో గుండు కూడా మొదటి గుండు పడ్డ చోటే పడాలి. వేటగాడికి రెండో గుండు ఉండదు. చల్లటి, శుభ్రమైన గొట్టంలోంచి పోయే మొదటి గుండు ఎక్కడ పడుతుందన్నదే అతనికి ముఖ్యం, అది మసి పట్టిన గొట్టంలో గుండ్లు పడే చోటు కాకపోవచ్చు. అందుకే వేట సీజన్ ముందు రేంజ్‌కి వెళ్లినప్పుడల్లా ఆ మొదటి గుండుని విడిగా ఒక కాగితం మీద కాల్చి, ఆ కాగితాన్నే దాచుకుంటూ రండి. ఆ గుండ్లన్నీ ఒక చోటికి చేరేలా గురి సర్దుకోండి.

ఊరి గాలి కూడా లెక్కలోకి వస్తుంది. డెన్వర్ లాంటి పొడి ప్రాంతంలో బ్లాక్ పౌడర్ మసి గట్టిగా పెంకులా కడుతుంది, తరచుగా తుడవాలి, జిడ్డు ఎక్కువున్న గుడ్డ వాడాలి. హ్యూస్టన్, అట్లాంటా చెమ్మలో అదే మసి మెత్తగా ఉండి గుండు సులువుగా దిగుతుంది. కానీ పాన్‌లో వేసిన మందు త్వరగా ముద్దవుతుంది, పొద్దున వేసింది మధ్యాహ్నానికి మార్చాల్సి వస్తుంది.

గుండు దించేటప్పుడు అది మందు మీద గట్టిగా కూర్చోవాలి, మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. సరైన కొలతతో దించాక రామ్‌రాడ్ (గుండు దించే కడ్డీ) మీద గొట్టం మూతి దగ్గర ఒక గీత పెట్టుకోండి. ప్రతిసారీ గీత మూతికి సరిగ్గా వస్తుందో లేదో చూడండి. గీత పైన ఆగితే గుండు దారిలో ఆగింది, లేదా మందు రెండుసార్లు పోశారు. పేలకపోతే తుపాకీని టార్గెట్ వైపే ఉంచి కనీసం ఒక నిమిషం కదలకుండా ఉండండి, రేంజ్ వాళ్లు ఇంకా ఎక్కువ చెబితే అంతసేపు. ఆలస్యంగా పేలే మందు మీరు మూతిలోకి తొంగిచూసే క్షణం కోసమే ఎదురుచూస్తున్నట్టుంటుంది.

ఎనిమిదో మెట్టు: కడగడం

బ్లాక్ పౌడర్, పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ ఏవైనా అదే రోజు నీళ్లతో కడగాలి. గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు చాలు. మరిగే నీళ్లు పోస్తే గొట్టం వేడికి ఆరీ ఆరకముందే పలచటి ఎర్రటి తుప్పు పొర కడుతుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, బాగా ఆరబెట్టి, నూనె పట్టించాలి. మర్నాడు ఒక పొడి గుడ్డ దించి చూడండి, గోధుమరంగు మరక కనిపిస్తే మళ్లీ కడగాలి. తర్వాత కాల్చబోయేముందు ఆ నూనె తుడిచెయ్యడం, క్యాప్‌లాక్ అయితే మందు పోయకముందే ఒకటి రెండు క్యాప్‌లు పేల్చి దారి ఎండగొట్టడం మర్చిపోవద్దు. సీజన్ మొదటి రోజు పేలని తుపాకుల్లో చాలావాటికి కారణం నిపుల్‌లో మిగిలిన ఆ నూనే.

తొమ్మిదో మెట్టు: కొనడం, దాచడం

అసలు బ్లాక్ పౌడర్ పెద్ద దుకాణాల్లో కనిపించకపోవచ్చు. పేలుడు పదార్థం కింద లెక్క కాబట్టి నిల్వకి నిబంధనలెక్కువ, చాలామంది దుకాణదారులు ఆ తలనొప్పి పెట్టుకోరు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే హాజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు రవాణా) రుసుము పడుతుంది. ఒక పౌనుకైనా పాతిక పౌన్లకైనా ఆ రుసుము దాదాపు ఒకటే అయ్యేసరికి, స్థానిక క్లబ్బుల్లో పదిమంది కలిసి తెప్పించుకుంటారు. క్లబ్బులో చేరడానికి ఇదొక్క కారణం చాలు. క్రీడ కోసం, పాతరకం తుపాకుల్లో వాడుకోవడానికి కర్మాగారంలో చేసిన బ్లాక్ పౌడర్ 50 పౌన్ల దాకా ఫెడరల్ లైసెన్స్ లేకుండా ఉంచుకోవచ్చు. కానీ రాష్ట్రం, నగరం, మీ ఇంటి బీమా కంపెనీ ఇంకా తక్కువ పరిమితి పెట్టి ఉండవచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు లీజు కూడా చదవాలి.

సొంత డబ్బాలోనే, మూత బిగించి, పిల్లలకి అందని చల్లటి పొడి చోట ఉంచండి. నీళ్ల హీటర్ ఉన్న గదిలో వద్దు, ఎండలో నిలిపిన కారు డిక్కీలో అసలే వద్దు. క్యాప్‌లు, ప్రైమర్లు దానికి దూరంగా వేరే చోట ఉండాలి. డబ్బా తెరిచిన తేదీ మూత మీద రాసిపెట్టండి. లాట్ నంబర్ మారిన కొత్త డబ్బా తెరిస్తే, పాత కొలతతోనే అయిదు గుండ్లు కాగితం మీద కాల్చి చూసి, గుంపు కదిలితే మళ్లీ అయిదేసి గ్రెయిన్ల లెక్కన సర్దుకున్నాకే దాన్ని వేటకి తీసుకెళ్లండి.